మైసమ్మ స్టేజీ

షేర్ ఆటోలో నోరు తెరిచి "ఆపన్నా" అనలేని మనిషికి మా రోడ్డు మీద దేవుళ్ళే దిక్కు.

నేను చేవెళ్ళలో ఒక ప్రైవేటు బడి ఆఫీసులో టైపు పని చేస్తాను. సాయంత్రం మొయినాబాద్ దాకా ఒక ఆటో, అక్కడ మారి ఇంకో ఆటో ఎక్కితే మా ఊరు హిమాయత్‌నగర్ వస్తుంది. మా వైపు బండి ఆగే చోటును స్టేజీ అంటారు. ఆ స్టేజీలకు సర్కారు పెట్టిన పేర్లు ఏవో ఉండే ఉంటాయి, వాటిని ఎవరూ వాడగా నేను వినలేదు. దర్గా, పచ్చ మజీదు, మైసమ్మ, చర్చి. ఆటో అన్న రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా "మైసమ్మ ఉన్నరా?" అని అరుస్తాడు. దిగేవాళ్ళు "ఉన్నరు" అని గట్టిగా చెప్పాలి. నేను తల ఊపుతాను. వెనక సీట్లో ఊపిన తల ముందున్న మనిషికి కనబడదు కాబట్టి ఆటో మైసమ్మను దాటి చర్చి దగ్గర ఆగుతుంది. అక్కడ దిగేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ళ వెనకే నేనూ దిగి, వచ్చిన దారినే నడిచి ఇంటికి చేరుకుంటాను. మా ప్రాంతపు గుడుల, మజీదుల గురించి నాకున్న జ్ఞానమంతా నా మొహమాటం పెట్టిన భిక్షే.

ఉదాహరణకు, పచ్చ మజీదు పచ్చగా ఉండదు. సున్నం వేయించి తెల్లగా చేసి చాలా రోజులైంది. అయినా పేరు మారలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు పచ్చ మజీదు కోసం దాని ముందే అటూ ఇటూ తిరుగుతుంటే, మజీదు పెద్ద సదర్ సాబ్ అరుగు మీద కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంటాడు. అడిగితే చెబుతాడు. అడగకపోతే చెప్పడు. చర్చి ఒకటే గది. దాని మీది శిలువ మాత్రం ఆ గదికన్నా ఎత్తు, రాత్రయితే నీలం లైట్లతో వెలుగుతుంది. మజీదు మైకూ చర్చి మైకూ ఒకదాని మాటకు ఒకటి అడ్డం రాకూడదని పెద్దమనుషులు కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. దాని ప్రకారం మైకులు ఎదుటివారి వైపు తిప్పకూడదు. అలా రెండింటినీ తిప్పగా తిప్పగా అవి మా ఇంటి వైపుకు వచ్చి ఆగాయి.

గుట్ట మీది దర్గాకు గురువారం గురువారం వెళ్ళేవాళ్ళలో సగానికి పైగా మావాళ్ళే. పక్క ఊళ్ళో వీసాల దేవుడి గుడి ఉంది. పట్నం పిల్లలు చేతిలో కాగితం పట్టుకుని, లెక్క తప్పకుండా, పరీక్ష రాస్తున్నంత శ్రద్ధగా ఆ గుడి చుట్టూ తిరుగుతుంటారు. మా అవ్వ, అంటే మా బాపును కన్న తల్లి, నన్ను ఈ అన్ని చోట్లకూ తీసుకుపోయింది. దర్గాలో నా జబ్బకు తాయెత్తు కట్టించింది. చర్చిలో పాస్టర్ గారి చేత నా నెత్తి మీద చెయ్యి పెట్టించింది. వీసాల దేవుడి ముందు నిలబెట్టి, "మాకు వీసా గీసా ఒద్దు తండ్రీ, గీ పొల్లకు జర నోరియ్యి" అని గుడి మొత్తానికి వినబడేట్టు మొక్కింది. క్యూలో ఉన్నవాళ్ళంతా వెనక్కి తిరిగి నన్ను చూశారు. నాకున్న కొద్దిపాటి నోరు కూడా ఆ రోజుతో పోయింది. ఈ ఒక్క విషయంలో అన్ని మతాల దేవుళ్ళదీ ఒకటే మాట.

దేవుళ్ళు కానివి కూడా మా రోడ్డు మీద దండాలు అందుకుంటాయి. ఒక ఫామ్‌హౌస్ గోడ మీదుగా పెద్ద బుద్ధుడి తల కనిపిస్తుంది. కూలికి పోయే ఆడవాళ్ళు "ఇయ్యాల బుద్ధుని కాడ కలుపు" అని చెప్పుకుంటూ అక్కడ దిగుతారు. దాని తర్వాత ఒక వెంచర్ ఉంది. విల్లాల ప్లాట్లు అమ్మేవాళ్ళు తమ గేటును గుడి గోపురంలా కట్టించారు. కలశాలు కూడా ఉన్నాయి. ఆటో దాని ముందునుంచి పోతుంటే లోపలున్న సగం మంది చెయ్యి గుండెకు తాకించి కళ్ళు మూసుకుంటారు. అది ప్లాట్ల గేటని అందరికీ తెలుసు. చెయ్యికి తెలియదు. నా చెయ్యికీ తెలియదు.

ఇక మైసమ్మ. రోడ్డు పక్కన మోకాలెత్తు గది, లోపల పసుపు పూసిన రాయి, బయట ఒక వేపచెట్టు. ఇంతే. దాన్ని ఆనుకుని మా అవ్వ డబ్బా. డబ్బా అంటే రేకు కప్పు వేసిన చిన్న కొట్టు. కొబ్బరికాయలు, నిమ్మకాయల దండలు, అగర్బత్తీలు, నీళ్ళ ప్యాకెట్లు, చాక్లెట్లు. మా పొలమంతా ఎప్పుడో అమ్ముకోగా, రెండు మంచాలు పట్టేంత జాగ రోడ్డు వారన మిగిలిపోయింది. అవ్వ దాని మీద రేకులు వేయించుకుని కూర్చుంది. పొద్దున్నే పోయి కూర్చుంటే దీపాలు పెట్టేవేళకు వస్తుంది. మోకాళ్ళు పని చేయవు గాని నోరు బాగా పని చేస్తుంది. ఆటో ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అందరూ ఆమెకు జవాబు చెప్పుకుని పోవాల్సిందే. "ఇంట్ల కూసోని ఏం జెయ్యాలె? నీ మొగం జూస్కుంట కూసోనా? నువ్వు మాట్లాడవైతివి" అనేది నాతో.

రోడ్డు వెడల్పు పనివాళ్ళు ఎర్ర రంగు డబ్బాలతో వచ్చారు. మజీదు ముందు గోడ మీద ఒక గీత పడింది. చర్చి గేటు మీద ఒకటి పడింది. మైసమ్మ గుడి మీద గీత గీయడానికి చోటు చాలక, గది మొత్తానికీ ఒక పెద్ద గుర్తు వేసి పోయారు. మా జాగ గీతకు అవతల, అంగుళాలతో బయటపడింది. అవ్వ సంబరపడటానికి వీల్లేని పరిస్థితి. మైసమ్మ పోయాక అమ్మ ముందు కొట్టే కొబ్బరికాయలు ఎవరికి అమ్మాలి?

వారం తిరగకముందే వెంచర్ మేనేజర్ ఊళ్ళోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. మైసమ్మకు వాళ్ళ గోపురం గేటు లోపల ఉచితంగా స్థలం ఇస్తామన్నాడు. గుడి కూడా వాళ్ళే కట్టిస్తారట. విల్లాలు కొనేవాళ్ళు లోపల గుడి ఉందా అని అడుగుతున్నారని, కొత్తగా కట్టిన గుడికన్నా పాత దేవతకు విలువ ఎక్కువని తర్వాత తెలిసింది. ఊరు మురిసిపోయింది. ఊరి పెద్దమనిషి ఆ మాట చెప్పడానికి స్వయంగా అవ్వ డబ్బా దగ్గరికి వచ్చాడు. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాను.

"లోపల మార్బుల్ ఏస్తరట అవ్వా. ఎండ తగలది, వాన తగలది."

"ఎండ తగులుతున్నదని అమ్మ నీకేమన్న చెప్పిందా?"

"అట్ల గాదు. గేటుంటది, వాచ్‌మన్ ఉంటడు. మంచిగ సేఫ్టీ."

"ఊరిని కాసే తల్లికి వాచ్‌మన్ను వెడుతవార? ఆడికి మనమెట్ల పోవాలె?"

మేనేజర్ కల్పించుకున్నాడు. "ఎవరైనా రావచ్చమ్మా. బోనాలకు ముందురోజు చెబితే పాసులిస్తాం."

"మరి నా డబ్బ?"

మేనేజర్ చిరునవ్వు నవ్వాడు. "లోపల షాపులు అలౌడ్ కాదమ్మా. గెస్టులుంటారు కదా."

అవ్వ ఒక నిమ్మకాయను గుడ్డతో చాలాసేపు తుడిచింది.

అవ్వకు ఊళ్ళో మద్దతు దొరకలేదు గాని కుమ్మరి తాత దొరికాడు. మైసమ్మకు పూజ చేసేది ఆయనే. మార్బుల్ మీద ఆయనకు కోపమేమీ లేదు. పద్ధతి ముఖ్యమన్నాడు. "అమ్మను అడగకుంట కదిలిచ్చుడు లేదు" అన్నాడు. అమ్మను అడగడం అంటే మేకను అడగడం. మేకపోతును అమ్మ ముందు నిలబెట్టి, విషయం చెప్పి, వీపు మీద పసుపు నీళ్ళు చల్లుతారు. మేక ఒళ్ళంతా ఒక్కసారి విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. దాన్ని జడ్తి అంటారు. విదిలించేదాకా ఆగాలి. తొందరపెట్టడానికి లేదు. ఆదివారం ముహూర్తం పెట్టారు.

మేకను వెంచర్ వాళ్ళే కొన్నారు. నల్లటిది, బలిసినది, మెడలో బంతిపూల దండ. వాళ్ళ మేక వాళ్ళ మాటే వింటుందని ఊళ్ళో కొందరికి ముందే అనుమానం. సదర్ సాబ్ తన కుర్చీని మజీదు అరుగు మీదనుంచి దించి, ఇక్కడిదాకా తెప్పించుకుని, రోడ్డుకు అవతలే వేసుకుని కూర్చున్నాడు. చర్చివాళ్ళు ఇలాంటి వాటికి రారు గాని, ఊరి కుర్చీలన్నీ పెళ్ళికి పోయినందువల్ల వాళ్ళ కుర్చీలు వచ్చాయి. కుర్చీల వీపుల మీద ప్రభువు నా కాపరి అని రాసి ఉంది. వాటి మీద మావాళ్ళు కూర్చుని మేకను చూశారు.

విషయాన్ని అమ్మకు చదివి వినిపించాలన్నాడు పెద్దమనిషి. మేనేజర్ కంప్యూటర్‌లో కొట్టించి తెచ్చిన కాగితం తీశాడు. "శ్రీ మైసమ్మ అమ్మవారి దివ్య సముఖమునకు" అని మొదలై, సౌకర్యాల వివరాలతో సాగుతుంది. పెద్దమనిషి చుట్టూ చూసి, నన్ను పట్టుకున్నాడు.

"నువ్వు ఆఫీసుల పని జేస్తవు గద బిడ్డా. సదువు."

నేను చదివాను. నిజంగానే చదివాను, ఒక్క అక్షరం వదల్లేదు. ముగించి తలెత్తితే అందరూ ఇంకా నేను మొదలుపెడతానని చూస్తున్నారు.

"అయిపోయిందా?" అన్నాడు పెద్దమనిషి.

తల ఊపాను.

"మాకైతే ఇనవళ్ళే. అమ్మకు ఇనవడ్డదంటవా తాతా?"

"అమ్మకు ఇనవడ్తది. మేకకు ఇనవడాలె గద" అన్నాడు కుమ్మరి తాత.

తాత నీళ్ళు చల్లాడు. డప్పులు ఆగాయి. మేక కళ్ళు మూసుకుంది. కూర్చున్నవాళ్ళు కుర్చీల్లోంచి ముందుకు వంగారు. మేక కళ్ళు తెరిచి, తన మెడలోని దండను వంగి అందుకుని తినడం మొదలుపెట్టింది.

నాచేత మళ్ళీ చదివించారు. ఈసారి నేను నిజంగా గొంతు పెంచాను. సరిగ్గా మార్బుల్ అన్న మాట దగ్గర ఒక టిప్పర్ హారన్ కొట్టుకుంటూ పోయింది. మూడోసారి నా చేతిలోని కాగితం ఆటో అన్న లాక్కున్నాడు. రోజూ నేను ఎక్కే ఆటో అన్నే. ఆయన కాగితాన్ని స్టేజీలు పిలిచినట్టు చదివాడు. "మార్బులు! గోపురం! సీసీ కెమెరా! మంచినీళ్ళు!" చివర అలవాటు కొద్దీ "ఉన్నరా?" అని కూడా అన్నట్టు నాకు వినిపించింది. మేక కదల్లేదు.

ఎండ ముదిరింది. మేనేజర్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వచ్చి, గుడికి ఫ్యాన్లు పెట్టిస్తామని అమ్మకు కొత్తగా మాట ఇచ్చాడు. నీళ్ళు చల్లారు. కదల్లేదు. ఏసీ అన్నాడు. కదల్లేదు. ముసలివాళ్ళలో ఒకాయన "పాసులు తీసెయ్యమను, కదులుతదేమో" అన్నాడు. మేనేజర్ ఆ ఒక్కటి మాత్రం పైవాళ్ళను అడగాలన్నాడు. కాసేపాగి, పెద్దమనిషి చెవిలో మెల్లగా, "సర్, ఈ మేక సరిగ్గా లేనట్టుంది. ఇంకోటి తెప్పిద్దామా?" అన్నాడు. మెల్లగా అన్నా కుమ్మరి తాతకు వినబడింది.

"అమ్మ కాదంటే మేకను మారుస్తవా? రేపు అమ్మను గూడ మారుస్తనంటవు."

ఇదంతా జరుగుతుంటే అవ్వ తన డబ్బాలో కూర్చుని ఉంది. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. కనబడనివ్వడానికి తీరిక కూడా లేదు. అంతమంది జనం, అంత ఎండ. నీళ్ళ ప్యాకెట్లు అయిపోయాయి, సోడాలు అయిపోయాయి, చాక్లెట్లు అయిపోయాయి. తన డబ్బా ఉండాలా పోవాలా అని తేల్చే రోజు అవ్వకు ఎన్నడూ లేనంత గిరాకీ. ప్రతిసారీ మేక కదలనప్పుడు నన్ను చూసి కళ్ళతో కొద్దిగా నవ్వేది.

మధ్యాహ్నం దాటింది. చర్చి కుర్చీల మీద కొందరు నిద్రపోయారు. మేక పసుపు నీళ్ళతో తడిసి, ఎండి, మళ్ళీ తడిసి, నాలుక బయట పెట్టి రొప్పుతోంది. అవ్వ ఇక ఉండలేకపోయింది.

"ఏమయ్యా, మీకు తెలివున్నదా? నోరులేని జీవిని ఎండల నిలవెట్టి సంపుతరా? జర నీడకన్న కట్టుండ్రి!"

నోరులేని అన్న మాట దగ్గర కొందరు నా వైపు చూశారు. నేను ఎండలోనే నిలబడి ఉన్నాను. అవ్వ మోకాళ్ళు పట్టుకుని లేచి, కొబ్బరి ముక్క ఒకటి చూపించి, "దా, దా" అంది. మేక తాడుతో సహా నడిచి వచ్చింది. రేకు నీడకు చేరి, కొబ్బరి ముక్క నమిలింది. పూలు వాడకుండా అవ్వ బకెట్లో పోసి ఉంచిన నీళ్ళలో కళ్ళ దాకా మూతి ముంచి కడుపునిండా తాగింది. తల పైకెత్తింది. తర్వాత కొమ్ముల నుంచి తోక దాకా ఒళ్ళంతా ఒక్కసారి విదిలించింది. నీళ్ళు అవ్వ మొహం మీద, డబ్బా మీద, నా మీద పడ్డాయి.

ఆ తర్వాత డప్పులు మోగాయి.

"ఈడనే!" అన్నాడు కుమ్మరి తాత. "అమ్మ ఈడనే గూసుంటనన్నది!"

నిద్రపోయినవాళ్ళు లేచి, ఏమైందో తెలియకముందే దండం పెట్టారు. ఆడవాళ్ళు డబ్బా చుట్టూ చేరి గడప లేని చోట పసుపు రాశారు. సదర్ సాబ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మేనేజర్ తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"అది నీళ్ళు దులుపుకున్నదిరా" అంది అవ్వ.

అంత మెల్లగా ఆమె మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. పక్కనే ఉన్నందువల్ల నాకు మాత్రం వినబడింది. వినబడినా లాభం లేదు. పొద్దుటినుంచీ అందరూ ఎదురుచూసింది మేక నీళ్ళు దులుపుకోవడం కోసమే.

ఆ సాయంత్రం ఊరంతా విందు చేసుకుంది. అవ్వ ముట్టలేదు. తన జాగను అడిగిన జీవి కూర తనకు దిగదంది.

జాగ మాత్రం అవ్వ పేరు మీదే ఉంది. ఆమె ఇస్తేనే గుడి. పెద్దమనిషి రోజూ వచ్చేవాడు. "ఎంత పుణ్యం జేస్కున్నవే అవ్వా, అమ్మ నిన్ను వెతుక్కుంట వచ్చింది" అనేవాడు. "పుణ్యం మీరందరు పంచుకోండ్రి. నా డబ్బ నాకు ఉంచుండ్రి" అనేది. ఇవ్వకపోతే మైసమ్మ గోపురం గేటు లోపలికి పోతుంది. అప్పుడు డబ్బా ఉంటుంది, దాని ముందు ఆగే మనిషి ఉండడు. ఇస్తే మైసమ్మ ఉంటుంది, మనుషులు ఆగుతారు, డబ్బా ఉండదు. నేను చదివిన పుస్తకాల్లో ఇలాంటి చిక్కులు మహారాజులకు వస్తుంటాయి, సలహా చెప్పడానికి మంత్రులు ఉంటారు. మా అవ్వకు నేనున్నాను. ఒక రాత్రి అన్నాలప్పుడు, "ఇయ్యకు అవ్వా" అన్నాను. ఎవరూ అడగకుండా నా అంతట నేను చెప్పిన మొదటి సలహా అది.

అవ్వ నన్ను ఆశ్చర్యంగా చూసింది. "మాట్లాడితివి గద" అంది. తర్వాత, "ఇయ్యకుంటె మంది ఏమంటరే? అమ్మ అడిగితె ముసల్ది లేదన్నదంటరు. రేపు ఎవనికి జెరమొచ్చినా నా మీదికే ఒస్తది" అంది.

ఆ వారమంతా అవ్వ మైసమ్మతో మాట్లాడలేదు. అంతకుముందు దీపం పెడుతూ కోడలి సంగతులు, మోకాళ్ళ సంగతులు అన్నీ చెప్పుకునేది. ఇప్పుడు నూనె పోసి, వత్తి వెలిగించి, మొహం తిప్పుకుని వచ్చేది. ఎనిమిదో పొద్దో తొమ్మిదో పొద్దో, పొయ్యి ముందు కూర్చుని, "పోనీ. ఎక్కడికో పోయి పాసుల లోపల పడుడుకంటె నా నెత్తిమీదనే కూసోనీ" అంది. బాపు పోయి పెద్దమనిషికి చెప్పి వచ్చాడు.

రేకులు విప్పారు. అరుగంత ఎత్తు గద్దె వేసి గుడి కట్టారు. మార్బుల్ లేదు, ఏసీ లేదు. సదర్ సాబ్ తన మజీదు గోడ విప్పగా వచ్చిన ఇటుకలు కొన్ని పంపించాడు. వెంచర్ వాళ్ళు తమ గేటు లోపల వేరే గణపతిని తెచ్చి పెట్టుకున్నారు. ఆయన్ను ఎవరూ మేక ద్వారా అడిగినట్టు లేదు. రోడ్డు వచ్చి మైసమ్మ గద్దె ముందు మూరెడు దూరంలో ఆగింది. ఆటోలు ఇప్పుడు కూడా అక్కడే ఆగుతాయి.

అమ్మను లోపల నిలబెట్టిన రోజు జనమంతా పోయాక అవ్వ ఇంట్లోనుంచి ఒక గంప తెప్పించుకుంది. అందులో కొబ్బరికాయలు, నిమ్మకాయలు, అగర్బత్తీలు. మోకాళ్ళు పట్టుకుని, నా భుజం ఆసరాతో కొత్త గద్దె ఎక్కి, గర్భగుడి తలుపుకు సరిగ్గా పక్కన గంప దింపి, తనూ కూర్చుంది. కుమ్మరి తాతతో కలిసి తాళం వేయడానికి వచ్చిన పెద్దమనిషి అక్కడే ఆగిపోయాడు.

"అవ్వా, ఇదేంది? అమ్మ గద్దె మీద అమ్మకం ఏంది? తప్పు గాదా?"

"నా జాగల ఆమె కూసున్నది. ఆమె గద్దె మీద నేను కూసున్న. ఇందుల తప్పేమున్నదిరా?"

"పద్ధతొకటి ఉంటది గద. ఏం తాతా?"

తాత గడ్డం గోక్కున్నాడు. "అమ్మను అడగాలె మరి" అన్నాడు.

"అడుగుండ్రి. నేనొద్దన్ననా?" అంది అవ్వ, గంపలో కాయలు సర్దుకుంటూ. "గని ఈపారి మేకను నేను దెస్త."

పెద్దమనిషి కుమ్మరి తాత వైపు చూశాడు. తాత ఆయన వైపు చూడకుండా వంగి, గంపలోంచి ఒక కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని, లోపల నీళ్ళున్నాయో లేదో చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.